ఆడపడుచుకి కబురు

గురజాలలో జ్ఞానమ్మ చెప్పులేసుకుని వీధిలోకి వచ్చిందంటే ఇద్దరు ముగ్గురైనా చేస్తున్న పని ఆపి చూస్తారు. చేతిలో సంచి ఉంటే ఫరవాలేదు, కూరగాయలకి. సంచి లేకుండా, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, తల వంచుకుని నడుస్తుంటే మాత్రం ఎవరింట్లోనో ఎవరో పోయారన్నమాట. చావు కబురు కూడా పూలదండ బొమ్మతో సహా వాట్సప్పులో వచ్చిపడే ఈ రోజుల్లో, ఈవిడ ఇంకా గడప గడపకీ కాళ్ళతో వెళ్ళి చెబుతుంది. ఆ పని ఆమెకి ఎవరూ అప్పజెప్పలేదు. వెళ్ళి గడప బయటే నిలబడుతుంది. కూర్చోదు, మంచినీళ్ళు పుచ్చుకోదు. పోయినవాళ్ళ పేరు చెప్పి, మట్టి చేసేది ఎప్పుడో ఎక్కడో చెప్పి, ఎదుటి మనిషి తేరుకునేదాకా కాసేపు ఆగి, అప్పుడు పక్కింటికి కదులుతుంది. ఆ కాసేపు ఆగడం ఫోనుకి చేతకాదని ఆమె వాదన. కాదనడానికి నాకైతే నోరు రాలేదు.

ఆమె అసలు ఉద్యోగం వేరే. క్రైస్తవ మిషను వాళ్ళు నడిపే ఒక చిన్న ఆడపిల్లల హాస్టలుకి వార్డెను. పిల్లలు పెద్దమ్మా అని పిలుస్తారు, ఎదురుపడితే వణుకుతారు, జ్వరమొస్తే మాత్రం ఆమె మంచం పక్కకే చేరతారు. ముక్కుసూటి మనిషి. తిట్టదలుచుకుంటే ఎదురుగా తిడుతుంది, పొగడదలుచుకుంటే వెనకాల పొగుడుతుంది. లోకంలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు కాబట్టి, ఆమెని అర్థం చేసుకోవడానికి కొత్తవాళ్ళకి కొంచెం టైము పడుతుంది.

ఆ హాస్టలుకి ఏటా మిరప కోతల కాలంలో ఇద్దరు అమెరికా ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకామె జూడీ, ఇంకొకామె నాన్సీ. జూడీ మొగుడు రాబర్టుకి నాన్సీ సొంత చెల్లెలు. అంటే వదినా ఆడపడుచులు. ఒహాయో అనే రాష్ట్రంలో, మొక్కజొన్న చేల మధ్య వాళ్ళదొక చిన్న ఊరు. ఆ ఊరి చర్చి తరఫున వచ్చి, నెల రోజులుండి, పిల్లలకి ఇంగ్లీషు పాఠాలూ కుట్టుపనీ నేర్పి వెళ్ళేవాళ్ళు. ఒక ఏడు రాబర్టు కూడా వచ్చాడు. హాస్టలు మోటారు విప్పదీసి బాగుచేశాడు. మెచ్చుకోలుగా పెట్టిన మిరపకాయ బజ్జీ తిని రెండు రోజులు లేవలేదు. అయినా పోయేటప్పుడు ఇంకో బజ్జీ అడిగి తిన్నాడు. అందుకని జ్ఞానమ్మకి అతనంటే గౌరవం.

మొదట్లో ఆమెకి అంతుబట్టనిది ఒక్కటే. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, వీళ్ళిద్దరూ ఇంత సఖ్యంగా ఎట్టా ఉన్నారని. ఒకే నులకమంచం మీద కూర్చుని గోంగూర తుంచేవాళ్ళు, ఒకరి జడ ఒకరు అల్లుకునేవాళ్ళు, ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేసేవాళ్ళు. జ్ఞానమ్మ వాళ్ళని జూడమ్మ, నాన్సమ్మ చేసేసింది. వాళ్ళతో కూర్చునే ఇంగ్లీషు నేర్చుకుంది. ఆ ఇంగ్లీషులో వ్యాకరణం తక్కువ, ధైర్యం ఎక్కువ. అయినా ముగ్గురికీ ఏ రోజూ మాటలకి లోటు రాలేదు. కన్న ఊళ్ళో దొరకని స్నేహం ఆమెకి అంత దూరం నుంచి వచ్చింది.

కరోనా వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. కొన్నాళ్ళు ముగ్గురూ కలిసి వీడియోలో మాట్లాడుకున్నారు. తర్వాత జూడీ వేరేగా చెయ్యడం మొదలుపెట్టింది, నాన్సీ వేరేగా చెయ్యడం మొదలుపెట్టింది. ఒకరి దగ్గర ఇంకొకరి పేరెత్తితే నెట్‌వర్కు బాగాలేదనేవాళ్ళు. పాలు పిండే టైముకి గొడ్లచావిట్లో కూడా నెట్‌వర్కు వచ్చే ఈ పల్నాడులో ఉండి, అమెరికాలో నెట్‌వర్కు లేదంటే జ్ఞానమ్మ ఎట్టా నమ్ముతుంది? ఒక ఆదివారం నాన్సీని నిలదీసింది. "ఏంది, గట్టు తగాదానా?" అంది. ఇక్కడి మనిషికి ముందు తట్టేది అదే మరి.

గట్టు కాదంది నాన్సీ. మరి గొడ్డు చేలో పడిందా, ఎవరన్నా ఎవర్నన్నా కొట్టారా, పిల్ల లేచిపోయిందా అని జ్ఞానమ్మ తనకి తెలిసిన కారణాలన్నీ వరసబెట్టింది. ఏదీ కాదట. ఎలక్షన్లట. కరోనాలో చర్చి తలుపులు మూసెయ్యడం తప్పా ఒప్పా అనేదట. ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకోవచ్చు, ఎవరు తుపాకీ ఉంచుకోవచ్చు, సరిహద్దు దాటి వచ్చేవాళ్ళని రానివ్వాలా వద్దా, ఇట్లాంటివట. వీటి మీద చర్చిలో మాటా మాటా పెరిగి, సంఘం రెండుగా చీలింది. సగం మంది పాత చర్చిలోనే ఉండిపోయారు, రాబర్టూ జూడీ వాళ్ళతో ఉన్నారు. మిగిలిన సగం, మూతపడ్డ ఒక చెప్పుల షాపు అద్దెకి తీసుకుని అందులో ఆరాధన పెట్టుకున్నారు, నాన్సీ అటు వెళ్ళింది. నవంబరులో వాళ్ళకొక పెద్ద పండగ భోజనం ఉంటుంది. ఆ బల్ల దగ్గరే రాబర్టు, తోడబుట్టిన చెల్లెల్ని పట్టుకుని, నీది క్రైస్తవమే కాదు పొమ్మన్నాడు. నాన్సీ కంచం పక్కకి తోసి లేచి వెళ్ళిపోయింది. ఆ ఇంటి గుమ్మం మళ్ళీ తొక్కలేదు.

విన్నప్పుడు జ్ఞానమ్మకి ఆశ్చర్యమేసింది. రక్తం కారలేదు, సెంటు భూమి పోలేదు, కేసు లేదు, ఉత్త అభిప్రాయాలకి తోబుట్టువులు విడిపోతారా అనుకుంది. కానీ వినేకొద్దీ ఆ ఊరు ఆమెకి తెలిసిన ఊరులాగే కనిపించసాగింది. ఎవరి పార్టీ ఏదో తెలిసేట్టు ఇంటి ముందు బోర్డులు పాతుకుంటారట. ఆ పార్టీవాళ్ళ రొట్టెల కొట్టులో ఈ పార్టీవాళ్ళు కొనరట. పెళ్ళిళ్ళకి పిలుచుకోవడం మానేశారట. ఆమె అత్తగారి ఊళ్ళో టీ కొట్లు రెండు. ఎక్కడ టీ తాగావో చూస్తే చాలు, ఓటెవరికో అడగక్కర్లేదు. క్రిస్మస్‌కి వెదుళ్ళతో కట్టే స్టార్లు కూడా రెండు, ఒకదాని కంటే ఒకటి ఎత్తు కావాలని పోటీ. అంత చదువుకున్న దేశానికి కూడా ఈ తెగులు పట్టిందా అని ఆమెకి దిగులేసింది.

జూడీని అడిగితే ఆమె వైపు కథ ఆమె చెప్పింది. ఎదుటివాళ్ళ వల్లే దేశం పాడైపోతోందని ఇద్దరూ అన్నారు. ఒకరి మీద ఒకరు బైబిల్లో ఒకే వాక్యం చూపించారు. ఇద్దరూ, నేనన్న మాట ఆమెకి చేరకూడదన్నారు. జ్ఞానమ్మ చేరనివ్వలేదు. ఇద్దరి మాటా కడుపులో పెట్టుకుని, ఇద్దరికీ పిల్లల పరీక్షల సంగతులూ మిరప ధరలూ చెబుతూ నెట్టుకొచ్చింది. వాళ్ళిద్దరూ ఆమెకి కావాలి. ఒకరిని నిలుపుకోవడానికి ఇంకొకరిని వదులుకోవడం ఆమె వల్ల కాదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, పిల్లలు ప్రార్థనకి కూర్చునే వేళ జూడీ ఫోన్ చేసింది. రాబర్టు పోయాడు. క్యాన్సరు. చాన్నాళ్ళుగా ఉందట, ఎవరికీ చెప్పొద్దన్నాడట. జ్ఞానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంత మంచి మనిషి, అతను బాగుచేసిన మోటారు ఇంకా నడుస్తూనే ఉంది. కాసేపయ్యాక జూడీ మిగతా సంగతులు చెప్పింది. శనివారం చర్చిలో ఆరాధన, తర్వాత సమాధి. పిలిచినవాళ్ళే వస్తారు, ఊళ్ళో ఇంకెవరికీ చెప్పలేదు. చివరగా ఇంకో మాట అంది. నాన్సీకి చెప్పొద్దు. అంతా అయ్యాక నేనే చెబుతాను.

జ్ఞానమ్మకి తన మొగుడు ఏసోబు గుర్తొచ్చాడు.

ఏసోబుకి చిన్నాన్న కొడుకు దేవసహాయం. జ్ఞానమ్మ అత్తగారి ఊళ్ళో ఎదురెదురు ఇళ్ళు, చిన్నప్పుడు ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు. పంచాయితీ ఎలక్షన్లలో చెరో పార్టీ అయ్యారు. గెలుపు తెలిసిన సాయంత్రం వీధిలో కర్రలు లేచాయి. దేవసహాయం కర్రకి ఏసోబు కుడిచెయ్యి విరిగింది, మళ్ళీ తిన్నగా రాలేదు. ఆ రోజు నుంచి రెండిళ్ళకీ నిప్పూ నీళ్ళూ లేవు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఏళ్ళ తర్వాత ఏసోబు చేలోనే గుండె ఆగి పడిపోయాడు. ఇంటినిండా సొంత పార్టీ మనుషులు. అవతలోళ్ళకి చెప్పే పని లేదని వాళ్ళే తీర్మానించేశారు. అప్పుడు జ్ఞానమ్మ శవం పక్కనుంచి లేచింది. కొత్తగా మొగుడు పోయిన మనిషి గడప దాటకూడదని ఆడవాళ్ళు కొంగు పట్టుకున్నారు. విడిపించుకుని, వీధి దాటి, దేవసహాయం గడప ముందు నిలబడి, "మీ అన్న పోయాడు. పొద్దున మట్టి" అని చెప్పి వచ్చింది.

మర్నాడు దేవసహాయం వచ్చి వీధిలో తల వంచుకుని నిలబడ్డాడు. అతన్ని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. శవపెట్టె లేపే వేళకి తనే వచ్చి కింద భుజం పెట్టాడు. సమాధుల దొడ్డిలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత మాత్రాన పార్టీలు కలిసిపోలేదు. అతని ఓటు ఇప్పటికీ అటే, టీ కొట్లు ఇప్పటికీ రెండే. కానీ ఆ వీధిలో మళ్ళీ కర్ర లేవలేదు. కబురు అందకపోతే ఎంత రావాలని ఉన్న మనిషికైనా దారి ఉండదని జ్ఞానమ్మకి ఆ రోజు తెలిసింది. అప్పటినుంచే ఆమె గడప గడపకీ తిరగడం, హాస్టలు పనికి గురజాల వచ్చాక కూడా. ఊళ్ళో కొందరు ఆమెని ఎగతాళి చేస్తారు గానీ, తమ ఇంట్లో చావొస్తే ముందు ఆమెకే మనిషిని పంపుతారు.

ఇదంతా జూడీకి చెప్పడానికి ఆమె దగ్గర ఇంగ్లీషు చాలదు. ఉన్నంతలో చెప్పింది.

"జూడమ్మా, నువ్వేది చెప్పినా కడుపులో పెట్టుకున్నా. ఇది పెట్టుకోలేను. తోడబుట్టిందానికి తెలీకుండా మట్టి చెయ్యకూడదు. నేను చెప్తా. నీకు చెప్పే చెప్తా."

జూడీ ఫోన్ పెట్టేసింది. తర్వాత జ్ఞానమ్మ చేస్తే కలవలేదు. ఈమె నంబరుని బ్లాక్ చేసిందని పిల్లలు చూసి చెప్పారు.

దాచిపెట్టి చెప్పడం కంటే ముందే ఒప్పుకుని చెప్పడం కష్టం. చాలామందిమి ఆ పని చెయ్యం. అవతలివాళ్ళ చెవిన వేసి, ఇవతలివాళ్ళకి తెలీదులే అనుకుంటాం. జ్ఞానమ్మలో నాకు నచ్చేది ఇదే. కానీ ఇక్కడే ఆమె ఒక పొరపాటు కూడా చేసింది. ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు కోపంలో వద్దంటారు, ఊరు మాత్రం చెప్పే తీరాలి, రేపు వాళ్ళే సంతోషిస్తారు అనేది పల్నాడు లెక్క. ఒహాయోలో ఆ లెక్క చెల్లుతుందో లేదో ఆమెకి తెలీదు. తెలుసుకోవాలని కూడా తట్టలేదు.

నాన్సీకి వీడియో ఫోన్ కలిసింది. జ్ఞానమ్మ అలవాటు ప్రకారం కూర్చోకుండా, హాస్టలు గుమ్మంలో నిలబడి చెప్పింది. నాన్సీ ముఖం రాయిలా అయిపోయింది. జ్ఞానమ్మ ఆగింది. ఎంతసేపటికో నాన్సీ, నన్ను పిలవలేదు కదా అంది. పిలవని చోటికి వెళ్ళడం మా దగ్గర మర్యాద కాదు, తలుపు దగ్గరే ఆపేస్తే నలుగురిలో తల ఎత్తుకోలేను అంది.

"పెళ్ళికి పిలిస్తే పోవాల నాన్సమ్మా. చావుకి తెలిస్తే పోవాల. నీకు తెలిసింది" అంది జ్ఞానమ్మ. "ఆపితే తలుపు దగ్గరే నిలబడు. నోరు తెరవొద్దు, సంజాయిషీ చెప్పొద్దు. సమాధుల దొడ్డిదాకా ఎనకమాల నడువు. నీ చేత్తో పిడికెడు మట్టి వెయ్యి. చెల్లెలు చెయ్యాల్సింది అంతే."

నాన్సీకి కోపమొచ్చింది. మా దేశం సంగతి నీకేం తెలుసంది. బతికున్నప్పుడు ఎందుకు చెప్పలేదంది. అతనికి జబ్బని నాకూ ఇప్పుడే తెలిసిందని జ్ఞానమ్మ అనేలోపు ఫోన్ పెట్టేసింది.

రెంటికీ చెడ్డ రేవడి అయింది జ్ఞానమ్మ పని. ఇన్నేళ్ళ స్నేహం ఒక్క సాయంత్రంలో రెండు వైపులా తెగింది. ఆదివారం సత్తెనపల్లి నుంచి కూతురు దీపిక వచ్చింది. అక్కడ స్కూల్లో టీచరు. సంగతి విని తల పట్టుకుంది. "అమ్మా, అక్కడ ప్రైవసీ అంటారు. ఒకరింటి చావు ఇంకొకరు చాటింపు వెయ్యరు" అంది. ఒకరింటిదేందే, ఆమె అన్న కదా అని జ్ఞానమ్మ గదమాయించింది గానీ, ఆ గొంతులో మునుపటి బిగువు లేదు. దీపిక బస్సెక్కాక వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. బయట కళ్ళాల్లో మిరపకాయల ఘాటు అని పిల్లలకి చెప్పింది, వాళ్ళు నమ్మినట్టు ఊరుకున్నారు. తను తప్పు చేసిందేమో. అక్కడి నేల వేరేమో. తలుపు దగ్గర నాన్సీని నలుగురిలో నెట్టేసి ఉంటారేమో. ఆ అవమానానికి పంపింది తనే కదా. ఈ ఆలోచన ఆమెని తిండి తిననివ్వలేదు. అయినా, మళ్ళీ ఆ ఫోన్ వస్తే ఏం చేస్తావని తనని తను అడిగితే, చెప్తాననే జవాబు వచ్చేది. అది ఆమెని ఇంకా బాధపెట్టింది.

ఆ తర్వాతి వారం సాయంత్రం ఫోన్ మోగింది. జూడీ.

నువ్వు చేసిన పని నేను మర్చిపోలేను జ్ఞానమ్మా అని మొదలుపెట్టింది. జ్ఞానమ్మ వింటూ నిలబడింది. శనివారం ఆరాధన మొదలయ్యాక నాన్సీ వచ్చిందట. నల్లకోటు వేసుకుని బయటి తలుపు లోపల నిలబడిపోయిందట. ముందు వరసలోంచి జూడీ చూసింది. రమ్మనలేదు. జనం వెనక్కి తిరిగి తిరిగి చూశారు. నాన్సీ కదల్లేదు, మాట్లాడలేదు. నీ మీద కోపంతో నాకు ఏడుపు కూడా రాలేదు అంది జూడీ.

సమాధుల దగ్గర మంచు పడి ఉంది. అక్కడ తవ్విన మట్టి కనపడకుండా పచ్చ తివాచీ కప్పుతారట. పెట్టె దించకముందే అందరూ వెళ్ళిపోతారట, మట్టి వెయ్యడం పనివాళ్ళ వంతు. అందరూ కార్ల వైపు కదులుతుంటే నాన్సీ ముందుకొచ్చి, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తివాచీ అంచు ఎత్తింది. చలికి మట్టి గడ్డకట్టి ఉంది. గోళ్ళతో గీకితే ఊడిరాలేదు. గోళ్ళు విరిగి రక్తం వచ్చినా గీకుతూనే ఉంది. పాస్టరుగారు ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోయారు. ఆమెకి పిచ్చెక్కిందనుకున్నారు కొందరు. జూడీకి మాత్రం తెలుసు. మిరప కోతల కాలంలో గురజాలకి వచ్చిన ప్రతి ఏడూ ఏదో ఒక చావుకి జ్ఞానమ్మతో వెళ్ళి, వాళ్ళిద్దరూ పిడికెడు మట్టి వేసి వచ్చినవాళ్ళే.

జూడీ వెళ్ళి పక్కన కూర్చుంది. బ్యాగులోంచి కారు తాళం తీసి, దాంతో ఆ మట్టిని పొడిచింది. ఇద్దరూ కలిసి పొడిచి, ఇంత మట్టి ఊడదీసి, చెరి సగం చేసుకుని పెట్టె మీద వేశారు. నాన్సీ లేచి తన కారెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు జూడీ తలుపు తీస్తే గుమ్మంలో మూతపెట్టిన గిన్నె ఉందట, లోపల రాబర్టుకి ఇష్టమైన బంగాళాదుంపల వంటకం. బెల్లు కొట్టకుండా పెట్టి వెళ్ళింది. తినేశానంది జూడీ. ఆమె ఇంటిముందు ఆ బోర్డు అలాగే ఉంది, నా ఇంటిముందు నాది అలాగే ఉంది, నేను మారను, ఆమె మారదు అంది.

తర్వాత ఇంకో మాట అంది. నేను పోయినప్పుడు మా వాళ్ళు నాన్సీకి చెబుతారో లేదో తెలీదు. నువ్వు చెప్పు. ఎవర్నీ అడగొద్దు, చెప్పెయ్యి. ఇట్లా అడిగానని మాత్రం ఆమెకి తెలియనివ్వకు.

జ్ఞానమ్మ సరేనంది. ఫోన్ పెట్టి, కళ్ళు తుడుచుకుని, పిల్లలకి అన్నం వడ్డించబోతుంటే మళ్ళీ మోగింది. ఈసారి నాన్సీ. వేళ్ళకి కట్లు. క్షమాపణ చెప్పింది, ఏడ్చింది, అన్న గురించి ఏవేవో చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, నేను ముందు పోతే జూడీకి నువ్వే చెప్పాలి అంది. అడిగానని ఆమెకి చెప్పకూడదు అంది.

జ్ఞానమ్మకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఒకరి మాట ఇంకొకరికి చెప్పే మనిషి కాదాయె. నాన్సీకి సరేనంది. జూడీకి మళ్ళీ తనే ఫోన్ చేసింది. ఇద్దరికీ చెప్పింది ఒకటే.

"చచ్చాక సంగతి నేను చూసుకుంటాలే గానీ, బతికున్నన్నాళ్ళ సంగతి మీరు చూసుకోండి."